గడ్డకట్టే చలిలో ఫ్లోట్‌ప్లేన్: గోదావరి గట్టు నుంచి వెళ్లేవాళ్ల కోసం

2024 నవంబర్ 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ల మీంచి లేచిన ట్విన్ ఆటర్ విమానం శ్రీశైలంలో నీళ్ల మీదే వాలింది. ఆ వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలైన దగ్గర్నుంచీ మా కోనసీమ కుర్రాళ్లు అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ఇదివరకు "పైలట్ ట్రైనింగ్‌కి ఎంతవుద్దండీ?" అనేవాళ్లు. ఇప్పుడు "ఫ్లోట్ రేటింగ్ కెనడాలో చేస్తే మంచిదా, అలాస్కాలోనా?" అంటున్నారు. నీళ్ల మీద వాలే విమానం నడిపేందుకు కావాల్సిన అర్హతే ఫ్లోట్ రేటింగ్. ఎక్కడ చేసినా ఒకటే ఇబ్బంది. మన డెల్టాలో పుట్టినవాడికి నీళ్లు కొత్త కాదు గానీ చలి కొత్త. జనవరి తెల్లవారుజామున పదహారు డిగ్రీలు ఉంటేనే మనం మఫ్లర్ చుట్టుకుని టీ కొట్టు దగ్గర చేరతాం. సున్నా ఎలా ఉంటుందో చూడాలంటే లంబసింగి బస్సెక్కాలి.

లైసెన్సు చేతిలో పెట్టుకుని ఆ చలిదేశాలకు వెళ్లబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేది ఫ్లోట్లతో (విమానాన్ని నీళ్ల మీద తేల్చే పడవల్లాంటి డబ్బాలు) పాటు చక్రాలూ ఉండే ఆంఫిబియస్ విమానాల గురించి. మీ విమానం మాన్యువల్‌లో ఉన్నదానికీ నేను చెప్పినదానికీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి. మీ ఇన్‌స్ట్రక్టర్ వద్దన్నది చేయకండి.

ముందు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. మైనస్ ఇరవైలో సరస్సు మొత్తం గడ్డకట్టిపోతుంది. అప్పుడు ఫ్లోట్లు ఊడదీసి స్కీలు బిగించుకుంటారు, లేదంటే బండిని హ్యాంగర్‌లో పెట్టి తాళం వేస్తారు. గొడవంతా సున్నాకి అటూ ఇటూ ఉన్న రోజుల్లోనే. శీతాకాలం మొదలయ్యే అక్టోబర్, నవంబర్‌లలో, మళ్లీ మంచు కరిగే ఏప్రిల్, మే నెలల్లో సరస్సులో నీళ్లు నీళ్లలాగే ఉంటాయి, గాలి మాత్రం సున్నా కిందికి దిగుతూ ఉంటుంది. నీళ్లలోంచి లేచే విమానం ఒంటినిండా తడితో లేస్తుంది. చక్రాల గూళ్లు, కేబుళ్లు, కప్పీలు, ఫ్లోట్ల పైభాగం, తోక అడుగు, అన్నీ తడే. పైకి వెళ్లాక ఆ తడి ఐస్ అవుతుంది. కింద చెప్పే పనులన్నీ ఒక్కదానికోసమే: నీళ్లు మీతోపాటు పైకి రాకుండా చూడటం, వచ్చినవాటిని గడ్డకట్టకముందే వదిలించుకోవడం.

ఇక్కడ ఉండగానే చేయగలిగినవి

చలి ఇక్కడ లేదు కదా, ప్రాక్టీసు ఎలా అంటారా? చాలానే చేయొచ్చు.

భీమవరం వైపు రొయ్యల షెడ్డులో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకరోజు వెళ్లండి. ఐసు ముక్కలు వేసిన టబ్బులో చెయ్యి మణికట్టు దాకా పెట్టి రెండు నిమిషాలు ఉంచండి. పక్కన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. గుండె జబ్బు, రక్తప్రసరణ ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. చెయ్యి తీసిన వెంటనే, తుడుచుకోకుండా, కారు సీటు బెల్టు బకిల్ విప్పి చూడండి. తర్వాత చొక్కా గుండీ విప్పండి. ముందు బొటనవేలు మాట వినడం మానేస్తుంది. బకిల్ ఎక్కడుందో కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, వేలు మాత్రం నొక్కినట్టు ఉండదు. గ్లోవ్స్ లేకుండా ఆ షెడ్డులో ఎవరూ ఎందుకు కూర్చోరో అప్పుడు అర్థమవుతుంది. విమానం నీళ్లలో తిరగబడితే మీరు బెల్టు విప్పాల్సింది ఆ వేళ్లతోనే.

రెండోది, అద్దంలా నిలిచిన నీళ్లను చూడటం అలవాటు చేసుకోండి. గాలి పడిపోయిన ఉదయం యానాం, ఎదుర్లంక మధ్య వంతెన మీద నిలబడి గౌతమిని చూడండి, అదీ పోటు తగ్గి పాటు ఇంకా అందుకోని వేళ. నీటి మట్టం ఎంత కిందుందో కళ్లతో అంచనా కట్టండి. రెయిలింగ్ నీడ, వంతెన స్తంభం, పడవ, ఏదో ఒకటి చూపులో ఉంటేనే అంచనా కుదురుతుంది. అవేవీ లేకుండా కేవలం నీటినే చూస్తే పదడుగులో యాభై అడుగులో చెప్పలేరు. కెనడా సరస్సుల మీద చలి ఉదయాలు చాలావరకు ఇలాగే గాలి లేకుండా ఉంటాయి.

మూడోది పొగమంచు. సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లవారగానే కాలవ మీంచి ఆవిరి లేస్తుంటుంది కదా, చల్లటి గాలి దానికంటే వెచ్చటి నీళ్ల మీదికి రావడం వల్ల జరిగేది అది. చలిదేశాల సరస్సు మీద కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే నీటికీ గాలికీ మధ్య తేడా చాలా ఎక్కువ కాబట్టి కమ్మేసే ఆవిరి వస్తుంది. ఎండ వచ్చాక ఎంతసేపటికి విడిపోతుందో, గాలి కదిలితే ఎటు జరుగుతుందో గట్టు మీద కూర్చుని రోజూ గమనించండి. పుస్తకం చదివితే రాని ఓపిక దీనివల్ల వస్తుంది.

ఇంకో మాట. కార్బ్యురేటర్ ఇంజన్‌కి ఐస్ పట్టడానికి చలిదేశమే అక్కర్లేదు. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, గాలి ఇరుకు దారిలో సాగేటప్పుడు లోపల ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన ఉన్నప్పుడు అవకాశం ఎక్కువ. కానీ బయట 38 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నా ఐస్ పట్టొచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్ పాఠ్యపుస్తకమే చెబుతుంది. అంటే అమలాపురం మీద ఏప్రిల్‌లో ఎగిరినా కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపే కార్బ్ హీట్ నాబ్ మీద చెయ్యి ఉండాల్సిందే. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో దాన్ని చెక్‌లిస్ట్‌లో ఉంది కాబట్టి లాగి వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ అలవాటుతో వెళ్లకండి.

ముందురోజు సాయంత్రం: వెళ్లాలా వద్దా

కాగితం మీద మూడు అంకెలు రాయండి. బయల్దేరే చోట గాలి ఉష్ణోగ్రత, దిగబోయే చోట దిగే వేళకి ఉండబోయే ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత). చాలామంది మొదటిది చూసి సరిపెట్టుకుంటారు. సాయంత్రం పూట రెండోదే మీ ప్రాణం తీస్తుంది, ఎందుకంటే ఎండ వాలగానే నాలుగైదు డిగ్రీలు పడిపోవడం అక్కడ మామూలే.

తర్వాత ఎత్తు లెక్క వేయండి. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. సరస్సు దగ్గర ప్లస్ 3 ఉంటే "ఇంకా సున్నా కాలేదుగా" అనిపిస్తుంది. ఆ తడి విమానం 1500 అడుగులకు చేరేసరికి సున్నాలో ఉంటుంది.

నేను పాటించేది ఇది: 5 డిగ్రీలకు పైన అయితే మామూలుగా నీళ్ల మీద పని చేస్తాను. సున్నాకీ 5కీ మధ్య అయితే ఈ గైడ్‌లో ఉన్నవన్నీ చేస్తూ, తక్కువ ఎత్తులో, తక్కువ దూరం. సున్నా, అంతకంటే కిందైతే నీళ్ల జోలికి పోను. రన్‌వే నుంచి లేచి రన్‌వే మీదే దిగుతాను. ఆంఫిబియస్‌కి చక్రాలు పెట్టింది ఇందుకే. మీ కంపెనీ నియమం ఇంతకంటే కఠినంగా ఉంటే అదే పాటించండి, బేరమాడకండి.

మబ్బుల్లోకి దూరడం, గడ్డకట్టే వాన, ఈ రెండింటి గురించి ఎక్కువ రాయను. చిన్న ఫ్లోట్‌ప్లేన్లలో చాలావాటికి ఐసింగ్‌లో (గాల్లో ఉండగా ఐస్ పట్టే పరిస్థితుల్లో) ఎగిరే అనుమతే ఉండదు. వెళ్లొద్దు, అంతే.

రాత్రి బండిని ఎక్కడ పెట్టాలి

నీళ్లలో కట్టేసి వదలకండి. ఒడ్డు నుంచి నీళ్లలోకి వాలుగా ఉండే ర్యాంప్ మీదికి ఎక్కించండి. రాత్రి నీళ్లలోనే ఉంటే ఫ్లోట్ల చుట్టూ పలుచని ఐస్ కట్టుకుని, నీటి గీత దగ్గర రేకును పట్టేస్తుంది.

ఎక్కించాక ఫ్లోట్ గదులన్నీ పంప్ చేయండి. ప్రతి ఫ్లోట్‌లో నీళ్లు చొరబడని గదులు కనీసం నాలుగు ఉంటాయి. రెండు ఫ్లోట్లూ కలిసి విమానం పూర్తి బరువు కంటే 80 శాతం ఎక్కువ మోయగలిగేలా తయారుచేస్తారు. ఆ ధీమాతో గదిలో కాసిని నీళ్లుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. తెల్లారేసరికి అవి గట్టిపడి, గదిలోంచి నీళ్లు తోడే బిల్జ్ పంపు గొట్టాన్ని మూసేస్తాయి. ఇక మీరు ఎంత పంప్ కొట్టినా చుక్క రాదు, గది ఖాళీగా ఉందనుకుంటారు. ఆ బరువు ఎక్కడుందో తెలియకుండానే బయల్దేరతారు. అందుకని ఏ గదికి ఎన్ని స్ట్రోకులు పట్టాయో సాయంత్రమే రాసుకోండి. ఒక గదికి రోజూ ఎక్కువ పడుతుంటే అక్కడ రివెట్టు కారుతోందని అర్థం.

పార్కింగ్ బ్రేక్ వేయకండి. తడిసిన బ్రేకు బిగించి వదిలితే ఉదయానికి డిస్కుకి అతుక్కుపోతుంది. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, రెక్కలకు తాళ్లు కట్టండి. రెక్కలకు, తోకకు గుడ్డ కవర్లు ఉంటే వేయండి. అవి లేకపోతే ఉదయం మరో గంట ముందు లేవాల్సి వస్తుంది.

ఉదయం: చెయ్యి పెట్టి చూడటం

రెక్క మీద తెల్లగా నూగులా పట్టిన ఫ్రాస్ట్‌ని కంటితో చూసి వదిలేయకండి. గ్లోవ్ తీసేసి, రెక్క ముందంచు మీద వేళ్లు పెట్టి, వెనక్కి లాగండి. గరుకుగా తగిలిందా, ఎగరొద్దు. గరుకు కాగితమంత మందాన ఉన్న ఫ్రాస్ట్ కూడా రెక్క లిఫ్ట్‌ని (పైకెత్తే బలాన్ని) 30 శాతం దాకా తగ్గించి, డ్రాగ్‌ని (వెనక్కి లాగే బలాన్ని) 40 శాతం దాకా పెంచగలదు. నీళ్ల పట్టు విడిపించుకుని లేవాల్సిన ఫ్లోట్‌ప్లేన్‌కి ఆ 30 శాతం చాలా పెద్ద మాట. కెనడాలో రెక్కల మీద ఫ్రాస్ట్, ఐస్, మంచు అంటుకుని ఉండగా టేకాఫ్ చేయడం చట్టరీత్యా నేరం కూడా.

తీయడానికి వేడినీళ్లు పోయకండి. కాసేపు కరిగినట్టే ఉంటుంది, ఆ నీరు తోక మీది ఎలివేటర్, రెక్కల మీది ఎయిలరాన్ కీళ్లలోకి జారి అక్కడ మళ్లీ గట్టిపడుతుంది. మెత్తటి చీపురు, గుడ్డ, ఆపైన విమానాలకు వాడే డీఐసింగ్ ద్రవం, ఈ వరసలో వెళ్లండి. వెచ్చటి హ్యాంగర్‌లో పెట్టే వీలుంటే మంచిదే. అయితే బయట మంచు పడుతుండగా వెచ్చటి విమానాన్ని నేరుగా తీసుకొస్తే పడ్డది కరిగి, మళ్లీ గడ్డకట్టి, మొదటికంటే గట్టిగా పట్టుకుంటుంది. బయటికి తేవడానికి ముందే ఒళ్లు చల్లబడనివ్వండి.

ఇక కదిలే భాగాలు. ఫ్లోట్ వెనక ఉండే చుక్కాని, అంటే వాటర్ రడ్డర్‌ని చేత్తో పైకెత్తి వదలండి. దాని బరువుకు అదే పడాలి, మధ్యలో ఆగితే కేబుల్ ఎక్కడో పట్టేసినట్టే. ఆ కేబుల్‌ని వేలితో తడుముతూ కప్పీ దాకా వెళ్లండి. కప్పీ గాడిలో, కేబుల్ వంపు తిరిగే చోట, అడుగువైపున, కందిబేడంత గాజుబిందువు కనిపిస్తుంది. నిన్న సాయంత్రం జారుతూ జారుతూ ఆగిపోయిన చుక్క అది. అది చాలు, రడ్డర్ సగంలో నిలిచిపోవడానికి. కప్పీని తిప్పి ఆ బిందువును విడగొట్టండి, పొడిగా తుడవండి. నా మట్టుకు నేను మొత్తం ప్రీఫ్లైట్‌లో ఎక్కువసేపు ఉండేది ఈ కప్పీల దగ్గరే. ఇంజన్ కింద వేడిగాలి యంత్రం పెట్టి గంట నిలబడే ఓపిక ఉన్నవాళ్లు కూడా ఇక్కడికి వచ్చేసరికి ఎందుకో తొందరపడతారు.

చక్రాల గూళ్లలో టార్చి వేసి చూడండి. ముందు చక్రాలు ఫ్లోట్ ముక్కు మీదికి ముడుచుకునే మోడళ్లలో ఆ ముడత దగ్గర, వెనక చక్రాల గూడు అడుగున ఐస్ చేరుతుంది. వేగం, ఎత్తు చూపే మీటర్లకు గాలి అందించే పిటో ట్యూబ్ రంధ్రం, స్టాటిక్ పోర్టు చూడండి. ట్యాంకు అడుగునుంచి పెట్రోలు తీసి నీళ్లున్నాయేమో చూడండి. డ్రెయిన్ తెరిచినా చుక్క రాలేదంటే నీళ్లు లేవని కాదు, అక్కడే గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు వెచ్చబెట్టి మళ్లీ తీయాలి.

ఇంజన్ ముందుగా వేడి చేయాల్సిన హద్దు మోడల్‌ని బట్టి మారుతుంది. కాంటినెంటల్ ఇంజన్లకు మైనస్ 7 ప్రాంతం నుంచే చెబుతారు. సున్నా దగ్గర తప్పనిసరి కాకపోయినా చేస్తే నష్టం లేదు.

ఎక్కేవాళ్లకు చెప్పాల్సింది

పాపికొండల బోట్లలో లైఫ్ జాకెట్‌ను ఒళ్లో పెట్టుకుని ఫొటోలు దిగేవాళ్లను, దిండులా సీటు మీద వేసుకునేవాళ్లను మనం చూస్తూనే ఉంటాం. ఇక్కడ ఆ పప్పులుడకవు. ఒంటికి తొడగాలి, బకిల్ పెట్టాలి. కానీ లోపల ఉండగా గాలి నింపకూడదు. నీళ్లు నిండిన క్యాబిన్‌లో ఉబ్బిన జాకెట్ మిమ్మల్ని పైకప్పుకు నొక్కేస్తుంది, తలుపు దాకా మునిగి వెళ్లలేరు. బయటపడ్డాకే తాడు లాగాలి.

2009 నవంబర్ 29న కెనడా పశ్చిమ తీరంలో సాటర్నా ద్వీపం లైల్ హార్బర్ దగ్గర ఒక బీవర్ విమానం టేకాఫ్ తర్వాత నీళ్లలో పడింది. ఎనిమిది మందిలో పైలట్, ఒక ప్రయాణికురాలు బయటపడ్డారు, ఆరుగురు లోపలే మునిగిపోయారు. తలుపులు, కిటికీలు వెంటనే ఊడొచ్చేలా ఉండాలని, జాకెట్ ఒంటిమీదే ఉండాలని కెనడా దర్యాప్తు సంస్థ ఆ తర్వాత గట్టిగా చెప్పింది. 2019లో తెచ్చిన నియమాలతో కమర్షియల్ సీప్లేన్లలో జాకెట్ తొడుక్కోవడం, పైలట్లకు నీళ్లలోంచి బయటపడే ట్రైనింగ్ తప్పనిసరి అయ్యాయి. ఆ ట్రైనింగ్‌లో కుర్చీకి కట్టేసి స్విమ్మింగ్ పూల్‌లో తలకిందులు చేస్తారు. ముక్కులోకి నీళ్లు పోతాయి, టెన్షన్ వస్తుంది. డబ్బు మీరే పెట్టుకోవాల్సి వచ్చినా సరే, చేయండి.

ఇంజన్ వేశాక

నీళ్ల మీద ఫ్లోట్‌ప్లేన్‌కి బ్రేకుల్లేవు. ఇంజన్ అందుకోగానే కదలడం మొదలెడుతుంది. అందుకని ఆయిల్ వేడెక్కించడం, మాగ్నెటో (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే పరికరం) చెక్, కార్బ్ హీట్ చెక్, ఇవన్నీ ర్యాంప్ మీద చక్రాలపై ఉండగానే పూర్తిచేయండి. తర్వాతే నీళ్లలోకి దిగండి. రాత్రంతా మైనస్‌లో ఉన్న ఫ్లోట్ రేకు నీళ్లు తగలగానే పలుచగా ఐస్ పట్టించుకోవచ్చు. దిగాక రెండు మూడు నిమిషాలు ఆగితే నీటి వెచ్చదనానికి అది వదులుతుంది. దిగిన వెంటనే వాటర్ రడ్డర్లు దించి ఎడమకీ కుడికీ తిప్పి చూడండి.

ఎవరైనా ఫ్లోట్ మీద నిలబడి తాడు విప్పుతుంటే ఇంజన్ వేయకండి. ఐస్ పట్టిన ఫ్లోట్ మీద కాలు జారితే పడేది నీళ్లలోకో ప్రొపెల్లర్ మీదికో చెప్పలేం.

ఇప్పుడు దారి చూడండి. మంచినీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. సరస్సు అడుగుదాకా 4కి వచ్చాకే పైపొర ఇంకా చల్లబడి గడ్డకడుతుంది. లోతు తక్కువ చోట ఇది ముందు జరుగుతుంది కాబట్టి ఐస్ ఒడ్డు మడతల్లో, గాలి తగలని మూలల్లో మొదలవుతుంది. మన కాలవల్లో గుర్రపు డెక్క చేరే మూలలు గుర్తు తెచ్చుకుని అలాంటి చోట్లే వెతకండి. చిరుగాలికి సన్నగా కదిలే నీళ్ల మధ్య కదలకుండా నున్నగా ఒక మరక కనిపిస్తే అది ఐసే. పలుచగా ఉంది కదా పగలగొట్టుకుంటూ పోదాం అనుకోవద్దు. దాని అంచు కత్తి. నీటి గీత దగ్గర అల్యూమినియం రేకును గీరుకుంటూ పోతుంది.

టేకాఫ్‌కి ముందు నీళ్ల మీద తిరగడం వీలైనంత తగ్గించండి. ముక్కు పైకి లేపి, సగం పవర్‌తో దున్నుకుంటూ పోయే టాక్సీ అసలు వద్దు. తుంపర ఎక్కువ లేచేది అప్పుడే, ప్రొపెల్లర్‌కీ తోకకీ కొట్టేది అప్పుడే. ఐడిల్‌లో మెల్లగా వెళ్లండి, గాలికి ఎదురు తిరగండి, వాటర్ రడ్డర్లు ఎత్తండి, స్టిక్ వెనక్కి లాగి ఉంచి పవర్ ఆగకుండా పూర్తిగా ఇవ్వండి. త్వరగా స్టెప్ (ఫ్లోట్ అడుగున మెట్టులా ఉండే భాగం) మీదికి రావాలి, త్వరగా నీళ్లు వదలాలి. మొదటి ప్రయత్నంలో లేవకపోతే రెండోసారికి ముందు దగ్గర్లోని రేవుకు వచ్చి తోకను చూడండి. ఎలివేటర్ కింద తుంపర గడ్డకట్టిందేమో తెలియకుండా రెండోసారి పరిగెత్తించొద్దు.

లేచాక ఇంకా తక్కువ ఎత్తులో, గాలి సున్నాకి పైనే ఉన్న చోట, గేర్ దించే వేగం హద్దులో ఉంటూ, చక్రాలను ఒకసారి పూర్తిగా దించి ఎత్తండి. మాన్యువల్‌లో వద్దని ఉంటే తప్ప ఇది మానొద్దు. వాటర్ రడ్డర్లను కూడా ఒకసారి దించి ఎత్తండి. గూళ్లలో నీరు రాలిపోతుంది. పైకి వెళ్తూ కంట్రోళ్లు, ట్రిమ్ అప్పుడప్పుడూ కదుపుతూ ఉండండి. గట్టిపడటం మొదలైతే చేతికి ముందే తెలుస్తుంది, వెనక్కి తిరిగే టైము ఉంటుంది.

దిగడం, చక్రాల సంగతి

కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం పంటు నడిపే సరంగు బాబాయి ఒకసారి అడిగాడు.

"అయితే అబ్బాయ్, నీళ్ల మీద దిగేటప్పుడు ఆ చక్రాలు లోపలుండాలా, బయటుండాలా?"

"లోపలే బాబాయ్. బయటుంటే అవి నీళ్లను పట్టుకుంటాయి, విమానం ముక్కు మీద పల్టీ కొడుతుంది."

"మరి మర్చిపోతేనో?"

"అందుకే పైకి చదువుతాం."

"ఆయ్, మేమూ అంతే. మోకు విప్పామని తాడు దగ్గరున్నవాడు కేకేసి చెప్పేదాకా నేను ఇంజన్ వెయ్యను."

ఈ కేక మీ గొంతులోంచీ రావాలి. పక్కన ఎవరూ లేకపోయినా సరే: "దిగుతున్నది నీళ్ల మీద, చక్రాలు పైన ఉన్నాయి." లేదా "దిగుతున్నది రన్‌వే మీద, చక్రాలు కింద ఉన్నాయి." విప్‌లైన్ బ్రాండు లాంటి ఫ్లోట్లలో నీలి లైట్లంటే పైన, ఆకుపచ్చంటే కింద. చలిలో లైటును ఒక్కదాన్నే నమ్మొద్దు. రెక్క కింది అద్దంలో ముందు చక్రం చూడండి, ఫ్లోట్ మీది సూచిక చూడండి.

గడ్డకట్టి ఇరుక్కుంటే ఏం చేయాలో ముందే మనసులో పెట్టుకోండి. చక్రాలు కిందే ఇరుక్కుంటే రన్‌వేకి వెళ్లండి, అది మామూలు ల్యాండింగే. పైనే ఇరుక్కుంటే నీళ్ల మీద దిగొచ్చు, లేకపోతే గడ్డి మీదో రన్‌వే మీదో ఫ్లోట్ అడుగుతో జారొచ్చు. ఫ్లోట్ల కీల్ గీసుకుపోతుంది, మనుషులు సాధారణంగా నడిచి బయటికొస్తారు. కొన్ని పైన, కొన్ని కింద ఉన్నా, ఎక్కడున్నాయో అనుమానంగా ఉన్నా, నీళ్ల వైపు చూడనే చూడొద్దు. ఫైర్ ఇంజన్ ఉన్న రన్‌వే వెతుక్కోండి, మాన్యువల్‌లోని ఎమర్జెన్సీ పేజీ తెరవండి.

నీళ్ల నుంచి లేచి రన్‌వే మీద దిగుతుంటే, బ్రేకులు పట్టేసి ఉండొచ్చు. ఫైనల్‌లోకి (రన్‌వేకి ఎదురుగా నేరుగా దిగే ఆఖరి దశ) రాకముందే పెడల్స్‌ని పలుమార్లు గట్టిగా నొక్కి వదలండి. నేల తాకేటప్పుడు పాదాలు బ్రేకుల మీద లేకుండా చూసుకోండి. ఒక చక్రం తిరగకపోతే బండి అటే లాగుతుంది. దానికి రడ్డర్‌తో సిద్ధంగా ఉండండి.

నీళ్ల మీదే దిగుతుంటే, అదీ గాలి లేని అద్దం నీళ్ల మీద, ఒడ్డుకు సమాంతరంగా, చెట్లు పక్కచూపులో ఉండేలా రండి. నిమిషానికి 150 అడుగులకు మించకుండా దిగుతూ, కొంచెం పవర్‌తో, ముక్కు స్థితి మార్చకుండా, తాకేదాకా అలాగే ఉంచండి. "ఇప్పుడు దగ్గరికొచ్చేశాం" అని కన్ను చెప్పే మాట వినొద్దు. దీనికి చాలా పొడవు కావాలి, ముందే లెక్క చూసుకోండి. ఎత్తు చూపే ఆల్టీమీటర్ మీద కూడా చలిలో పూర్తిగా ఆధారపడకండి. ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు సుమారు 4 శాతం తేడా వస్తుంది. సముద్రమట్టం దగ్గర సున్నా అంటే ప్రామాణికం కంటే 15 తక్కువ. వెయ్యి అడుగులు చూపిస్తున్నప్పుడు మీరు అంతకంటే సుమారు 60 అడుగులు కింద ఉంటారు.

తిరగబడితే

ఒక చెయ్యి తలుపు పిడి మీదో సీటు ఫ్రేమ్ మీదో పెట్టి వదలకండి. తలకిందులైనప్పుడు పైన ఏదో, కింద ఏదో చెప్పగలిగేది ఆ చెయ్యి ఒక్కటే. కదలిక ఆగాక తలుపు లేదా కిటికీ తెరవండి. ఆ తర్వాతే బెల్టు విప్పండి. ముందే విప్పితే నీళ్లు మిమ్మల్ని ఎటో తోసేస్తాయి, పట్టు ఉండదు. బయటికొచ్చాక జాకెట్ నింపండి.

మానిటోబా యూనివర్సిటీకి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1 సూత్రం కంఠస్థం చేయండి. మొదటి 1 నిమిషం శ్వాస ఎగదన్నుతుంది, దాన్ని అదుపు చేయడం తప్ప ఇంకేం చేయొద్దు. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్లూ పనికొస్తాయి, చేయాల్సినదంతా ఆలోపే. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది, అది కూడా జాకెట్ మిమ్మల్ని తేల్చి ఉంచితేనే. గోదావరి ఈదినవాడిని అన్న ధైర్యంతో ఒడ్డు వైపు ఈదబోకండి. తిరగబడిన విమానం ఫ్లోట్ల వల్ల చాలాసేపు తేలే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో ఫ్లోట్ల మీదికి ఎక్కి, ఒంటిని వీలైనంత నీళ్లలోంచి బయట పెట్టండి. నీళ్లు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి, కాబట్టి పైన గాలి ఎంత చల్లగా ఉన్నా నీళ్లకంటే నయం.

బండి ఆపాక

దిగగానే ఇంజన్ వేడి ఉన్నప్పుడే పని పూర్తిచేయాలి, వెళ్లి కాఫీ తాగొస్తే అన్నీ బిగుసుకుంటాయి. ర్యాంప్ మీద చిన్నగా బ్రేకులు నొక్కుతూ కొంచెం దూరం నడపండి, రాపిడి వేడికి డిస్కులు ఆరతాయి. గదులు పంప్ చేయండి, స్ట్రోకులు రాయండి. కేబుళ్లు, కప్పీలు పొడిగుడ్డతో తుడవండి, మాన్యువల్ చెప్పిన చోట చెప్పిన గ్రీజు పెట్టండి. తడిసిన తాళ్లు విప్పి లోపల ఆరేయండి, ఉదయానికి ముడి విప్పడం మీ తరం కాదు. ఉప్పునీళ్లలో తిరిగివస్తే మంచినీళ్లతో కడగాలి గానీ, సున్నా కింద గొట్టంతో కడిగితే మళ్లీ మొదటికొస్తుంది. వెచ్చటి హ్యాంగర్ దొరికితే అక్కడ కడగండి, దొరకకపోతే మధ్యాహ్నం ఎండలో ఉష్ణోగ్రత సున్నాకి పైకి వచ్చేదాకా ఆగి కడిగి, ఆరాకే కవర్లు వేయండి.